మెడ వెనుక వెంట్రుకలు

వెంట్రుకలు ఇమ్మని అడిగితే ఏ ఊళ్ళోనైనా మనిషిని ఎగాదిగా చూస్తారు. మా ఊళ్ళో అయితే తలుపు వేసుకుంటారు. ఎల్లారెడ్డికీ లింగంపేటకీ నడుమ, రోడ్డు దిగి కొంత లోపలికి పోతే మా ఊరు. చేతబడి అన్న మాట అక్కడ బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. తల దువ్వుకున్నాక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఉండగా చుట్టి, తూ అని ఉమ్మి, గోడ సందులో దోపుతారు తప్ప వాకిట్లో పారేయరు. అలాంటి ఊళ్ళో నేను ఒక చిన్న కత్తెర, ఒక కట్ట ఖాకీ కవర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అక్కడ పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇస్తారనుకున్నాను. అక్కడ పుట్టినదాన్ని కాబట్టే, ఎవరి మీద ఎవరికి ఏ కక్ష ఉందో తెలిసినదాన్ని కాబట్టే, నాకు ఇవ్వరని తట్టలేదు.

నా పరిశోధన పాదరసం మీద. సీసం, కాడ్మియం లాంటివి కూడా కొలుస్తాం గానీ నన్ను పట్టుకున్నది పాదరసమే. అది ఎక్కడినుంచో పొగలో, వానలో, మురుగులో వచ్చి చెరువులో పడుతుంది. అడుగు బురదలో రూపం మార్చుకుంటుంది. అక్కడినుంచి నాచులోకి, నాచు తిన్న చిన్న చేపలోకి, దాన్ని మింగిన పెద్ద చేపలోకి పోతూ, పోయిన ప్రతిచోటా కొంచెం ఎక్కువవుతుంది. కొర్రమట్ట, వాలుగ లాంటి వేటాడే చేపల్లో బాగా పోగవుతుంది. వాటిని తిన్న మనిషి వెంట్రుకల్లోకి వస్తుంది. మెడ వెనుక, చర్మానికి ఆనించి ఒక పాయ కత్తిరించి చూస్తే ఆ మనిషి కొన్ని నెలలుగా ఏం తిన్నాడో కొంతవరకు చెప్పొచ్చు. వారంలో నాలుగు రోజులు చెరువు చేప తినే మనుషులు కావాలి నాకు. మా వాడకట్టు మొత్తం చేపలు పట్టి బతికేవాళ్ళే. యూనివర్సిటీలో మా సారు ఆ మాట విని, అంతకంటే ఏం కావాలమ్మా, మీ ఊరే మొదలుపెట్టు అన్నారు.

మొదటి రోజు ఎనిమిది ఇళ్ళు తిరిగితే ఎనిమిది ఇళ్ళలోనూ మొండిచెయ్యే చూపించారు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ తల ఎత్తకుండానే మాట్లాడారు. ఎంటికలకు గిన్నెలిస్తావా, బుగ్గలిస్తావా అని ఒకామె అడిగింది. సైకిల్ మీద వచ్చి గిన్నెలో, గాలిబుడగలో ఇచ్చి వెంట్రుకలు కొనుక్కుపోయేవాడి లెక్కన నన్ను కట్టింది. ఇంకొకామె, నా చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి, పెండ్లి గాకుంటే గిట్లనే పిచ్చి లేస్తదని పక్కామెతో అంది, నాకు వినపడేలాగే. నేనూ ఊరుకునే రకం కాదు. మీ తలలో పేలు తప్ప ఏమున్నయని మంత్రం పెట్టడానికి అన్నాను. మధ్యాహ్నానికి ఆ మాట వాడకట్టంతా తిరిగి, సాయంత్రానికి మా అన్న చెవిన పడింది.

మా అన్న గురించి చెప్పాలి. బాపు పోయిన తర్వాత చెరువు సంఘానికి అన్ననే పెద్దను చేశారు. పదో తరగతిలో చదువు మానేసి వల పట్టినవాడు. నేను పై చదువులకు పట్నం పోయిన నాటినుంచి మా మధ్య మంచి మాట ఒకటి నడిచింది లేదు. చెరువు బురద మీద చదువు చదవడానికి హైదరాబాద్ పోవాలా, గా బురద ఈడ లేదా అని నలుగురి ముందూ నవ్వేవాడు. సెలవులకు వచ్చి ఏదైనా మంచి మాట చెప్పబోతే, సారు వచ్చింది, లేచి నిలబడండి అనేవాడు. నేను అతని ఇంట్లో తింటూనే అతన్ని మూర్ఖుడనుకునేదాన్ని. అతనికి అది తెలుసు. నేను దాచింది కూడా లేదు.

ఆ సాయంత్రం నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మరుసటి రోజు పొద్దున సంఘం గది ముందు అందరూ వలలు సర్దుతుంటే నన్ను పిలిపించాడు. గది ముందున్న బండ మీద కూర్చుని, అంగీ కాలరు వెనక్కి లాగి, మెడ వంచాడు.

"తియ్. అందరి ముంగట తియ్. మా చెల్లె మంత్రగత్తె గాదు, ఉత్త మొండిది. ఎవరికేమైనా నాది పూచీ."

 కత్తెర చర్మానికి ఆనించి, పెన్సిలు మందం పాయ తీసి, కుదురు వైపు దారం కట్టి కవర్లో వేశాను. అతను లేచి మెడ దులుపుకుని, నా మొహం చూడకుండా వల వైపు నడిచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నన్ను వెక్కిరించిన ఆడవాళ్ళు కూడా వచ్చారు. మూడు రోజుల్లో నా కవర్లన్నీ నిండాయి. సంతోషపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. నా చదువు, నా పేరు పక్కనున్న అక్షరాలు చేయలేని పని అతని వంచిన మెడ చేసింది. దాన్ని నేను ఉపకారం అనుకోలేదు. అవమానం అనుకున్నాను.

అది వానాకాలం. మా ఇంటి పెంకులు ఒక పక్క కారుతున్నాయి. కవర్లు రెండు రోజులకే మెత్తబడ్డాయి. వెంట్రుకలకు తేమ తగిలితే బూజు పడుతుంది, చేసిన పని నాశనం. మా ఇంట్లో తడి తగలకూడని వస్తువు ఏదైనా ఒక్కచోటికే పోతుంది, బియ్యం డ్రమ్ములోకి. కోడిగుడ్లు అందులోనే. పచ్చి మామిడికాయలు అందులోనే ముగ్గుతాయి. ఓటు కార్డులు, పట్టా పాసుబుక్కు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులోనే. అన్న ఫోను చెరువులో పడితే రెండు రోజులు బియ్యంలోనే పడుకుంది, తర్వాత మాట్లాడింది కూడా. నేను కవర్లన్నింటినీ ఒక గుడ్డ సంచిలో వేసి బియ్యం మధ్యలో పూడ్చాను. ఏ పాఠ్యపుస్తకమూ నాకు అలా చేయమని చెప్పలేదు, చేయొద్దని కూడా చెప్పలేదు. అమ్మను మేం అవ్వ అంటాం; ఆ అవ్వ చేతులు చేసే పని నా చేతులూ చేశాయి. దాదాపు రెండు నెలలు అవి అందులోనే ఉన్నాయి.

చేపలు తినే వాళ్ళతో పోల్చడానికి చేపలు ముట్టని వాళ్ళ వెంట్రుకలు కూడా కావాలి కదా. దసరా దాటాక ఎల్లారెడ్డిలో, శాకాహారం తినే ఉద్యోగస్తుల ఇళ్ళు కొన్ని పట్టుకున్నాను. వాళ్ళు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వెంట్రుకలిచ్చారు. వాళ్ళకు చేతబడి భయం లేదు, ఉన్నా ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టమంటే మనిషికి ధైర్యం వస్తుంది. ఆ కవర్లు, ఊళ్ళు తిరగడానికి వీలుగా కామారెడ్డిలో నేను అద్దెకు తీసుకున్న గదిలో బీరువాలో పెట్టాను. అప్పటికి వానలు పోయాయి. బియ్యం డ్రమ్ము అవసరం రాలేదు.

చలికాలంలో రెండు రకాల కవర్లూ ప్రయోగశాలకు పోయాయి. ఫలితాలు వచ్చిన రోజు నేను కాగితం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చేపలు తినని వాళ్ళలో దాదాపు ఏమీ లేదు. మా వాడకట్టు వాళ్ళలో, ఒక్కరు మినహాయింపు లేకుండా, చాలా ఎక్కువ. ఇంత శుభ్రంగా రెండు కుప్పలుగా విడిపోయిన ఫలితం నేను అంతవరకు చూడలేదు. అనుమానించాల్సిన చోటే నేను మురిసిపోయాను. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నాలుగైదు పేర్లలో మా అన్న పేరు ఉంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఆ పేరు చూసినప్పుడు నాకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. ఇప్పుడు చూడు, నవ్వు ఇప్పుడు, అనుకున్నాను.

మా సారు తొందరపడొద్దన్నారు. చెరువులోంచి తెచ్చిన చేపలు యూనివర్సిటీ ఫ్రీజర్‌లో ఉన్నాయి, మిషన్ ఖాళీ లేక వాటి పరీక్ష ఇంకా కాలేదు. అది కూడా చూసి మాట్లాడుదాం, వెంట్రుక ఒక్కటే చాలదు అన్నారు. నేను ఒక పక్క తల ఊపుతూనే ఇంకో పక్క బస్సు టైము చూసుకున్నాను. చైత్రం దాటితే చెరువు పట్టే రోజులు వస్తాయి. వానలకు వదిలిన చేపపిల్లలు పెరిగి, నీళ్ళు అడుగంటినప్పుడు సంఘం మొత్తం దిగి వారం రోజులు పడతారు. మా వాడకట్టు సంవత్సరమంతా బతికేది ఆ వారం మీదనే. గర్భిణులు, పసిపిల్లలు ఆ చేప తింటారు కదా, ముందే చెప్పడం నా బాధ్యత అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ నన్ను బస్సు ఎక్కించింది అదొక్కటే కాదు.

సంఘం గది ముందు, అన్న మెడ వంచిన అదే బండ దగ్గర నిలబడి చెప్పాను. చెరువు చేపలో విషం ఉంది, మీ వెంట్రుకల్లోకి దిగింది, పరీక్షలో తేలింది అన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు తినొద్దు, పిల్లలకు పెట్టొద్దు, కొర్రమట్ట అసలే వద్దు అన్నాను. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది, నేను అంతకు రెట్టింపు అరవడానికి తయారై వచ్చాను. ముసలివాళ్ళు తమ చేతులు తిప్పి చూసుకున్నారు. అన్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"నువ్వు చేపల్ల జూసినవా, ఎంటికలల్ల జూసినవా?"

అది మా సారు అడిగిన ప్రశ్నే. యూనివర్సిటీలో అయితే ఆ ప్రశ్న వేసిన విద్యార్థిని నేనే మెచ్చుకునేదాన్ని. అన్న నోటినుంచి వచ్చేసరికి నాకు తెలివితక్కువ ప్రశ్నలా వినపడింది. నీకు చెప్పినా అర్థం కాదులే అన్నాను, అందరూ వింటుండగా. అతను వలల వైపు తిరిగాడు. ఎవరో ఫోన్‌లో అదంతా తీశారు. నేను కామారెడ్డి చేరేసరికి నా గొంతు నాకే తిరిగి వచ్చింది, పక్కింటివాళ్ళ ఫోన్‌లో.

ఆ ఏడు చెరువు పట్టారు. పట్టకపోతే నీళ్ళు ఎండి చేప చస్తుంది. ఏటా కామారెడ్డినుంచి వచ్చే చేపల బండి ఊరి పొలిమేర దాకా వచ్చి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, అక్కడినుంచే తిరిగిపోయింది. ఎల్లారెడ్డి రోడ్డు మీద టబ్బులు పెట్టుకుని అమ్మే మా ఆడవాళ్ళు పొద్దున తీసుకుపోయిన చేపను సాయంత్రం మోసుకొచ్చారు. ఏ చెరువు చేప అని అడగడం, పేరు చెప్పగానే ముక్కు మూసుకోవడం. నాగిరెడ్డిపేట దిక్కు నుంచి తెచ్చిన చేపలను కూడా మావే అనుకుని కొనలేదట, వాళ్ళ తిట్లు కూడా మావాళ్ళకే తగిలాయి. కొంత ఎండబెట్టారు, ఎండు చేప కూడా ఎవరూ కొనలేదు. మిగిలింది చెరువు గట్టు వెనక గుంత తీసి పూడ్చారు. ఇదంతా నాకు వదిన ఫోన్లో చెప్పింది. చెప్పడం అయిపోయాక, నువ్వు కొన్ని రోజులు రాకు అంది. అన్న వద్దన్నడా అని అడిగితే, ఆయన నీ పేరే తీస్తలేడు అంది.

ఆ వాడకట్టులో మగవాళ్ళు కొందరు ఆ వేసవిలోనే మేస్త్రీ పనులకు బయటికి పోయారు. ఆడవాళ్ళు ఇంకొన్ని బీడీలు ఎక్కువ చుట్టారు. నేను మాత్రం నా పని చేశాననుకున్నాను. నిజం చేదుగానే ఉంటుంది, నన్ను తిట్టుకున్నా రేపు వాళ్ళ పిల్లలు నాకు దండం పెడతారు అని కూడా ఒక స్నేహితురాలితో అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వానలు మొదలయ్యాక చేపల ఫలితాలు వచ్చాయి. రవ్వ, బొచ్చె, బంగారుతీగ చేపల్లో పాదరసం ఉన్నదే తక్కువ. కొర్రమట్టలో కొంచెం ఎక్కువ, అది ఎక్కడైనా ఉండేదే. తినకూడదని చెప్పే హద్దుకు ఒక్కటి కూడా దగ్గరగా లేదు. ఆ చేపను ఎంత తిన్నా వెంట్రుకల్లో అంత పాదరసం రావడానికి వీల్లేదు. మిషన్ తప్పు చెప్తున్నదన్నాను. సారు మళ్ళీ చేయించారు, మళ్ళీ అదే వచ్చింది. అప్పుడాయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా, కత్తిరించిన నిమిషం నుంచి ప్రయోగశాలలో ఇచ్చిన నిమిషం దాకా ప్రతి కవరూ ఎక్కడెక్కడ ఉందో చెప్పమన్నారు. చెప్తూ చెప్తూ బియ్యం డ్రమ్ము దగ్గర ఆగాను. బియ్యంలో ఏమేస్తారు మీ ఇంట్లో అన్నారు. వేపాకు అన్నాను. ఖాయమా అన్నారు.

ఖాయం కాదు. నా చిన్నప్పుడు వేపాకే. నేను ఇల్లు వదిలి పదేళ్ళు దాటింది. ఆ ఇంట్లో నేను తిన్నాను తప్ప వండింది లేదు, బియ్యం చెరిగింది లేదు.

మరునాడు కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. ఆమె బిడ్డా అనేలోపే డ్రమ్ము మూత తీసి మోచేయి దాకా చేయి పెట్టాను. అడుగున మూడు చోట్ల పాత చీర పేలికల్లో కట్టిన చిన్న మూటలు తగిలాయి. విప్పితే బూడిద రంగు బిళ్ళలు, వేలి గోరంత. పెంకు ముక్క మీద ఒకదాన్ని ఒత్తాను. పొడి రాలింది. పొడిలోంచి ఆవగింజంత వెండి చుక్క ఒకటి బయటికొచ్చి జారిపోయింది. పదేళ్ళు నేను చదివింది నా ముందు పెంకు మీద దొర్లుతున్నది.

అవ్వ చెప్పింది వింటే మామూలు సంగతే. మద్నూర్ దిక్కు పెళ్ళి చేసి ఇచ్చిన మా పెద్దవ్వ, అవ్వకు అక్క, నాలుగైదేళ్ళ కింద వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చిందట. బియ్యం గోళీలని అక్కడి అంగట్లో దొరుకుతాయట. ఒక్కసారి వేస్తే ఏడాది పొడుగునా పురుగు పట్టదట. వేపాకు మాటిమాటికీ మార్చాలి, ఇది ఆ బాధ లేదు.

"పురుగు వడ్తలేదని వేసిన బిడ్డా. గంత జదివినవ్, నువ్వొచ్చినప్పుడు అడుగుదామంటె, నువ్వు మాతోని మాట్లాడితివా?"

పాదరసం ఊరికే ఉండదు, కంటికి కనపడని ఆవిరై లేస్తుంటుంది. వెంట్రుక దాన్ని బాగా పట్టుకుంటుంది. రెండు నెలలు మూతపెట్టిన డ్రమ్ములో, ఆ ఆవిరి మధ్యలో, నా కవర్లు ఉన్నాయి. మా వాడకట్టు వాళ్ళ వెంట్రుకల్లో దొరికింది వాళ్ళు తిన్న చేప కాదు, మా ఇంటి డ్రమ్ము. ఇది అర్థమైన మరుక్షణం నేను చేసిన పని అవ్వ మీద అరవడం. నోటికొచ్చినట్టు అరిచాను. అన్నం పెట్టే చేత్తో ఇంటిల్లిపాదికీ విషం పెట్టావు అన్నాను. ఆమె మూటలు విప్పిన పేలికలను మడతపెడుతూ కూర్చుంది. ఆమెకు తెలియదు. తెలియాల్సినదాన్ని నేను, ఆ డ్రమ్ములో చేయి పెట్టి కవర్లు పూడ్చినదాన్ని నేను. ఆ మాట ఆ రోజు నా నోట రాలేదు.

బిళ్ళలను గట్టి మూత సీసాలో బిగించి ప్రయోగశాలకు తీసుకుపోయాను. బియ్యం, డ్రమ్ము రెండూ ఇంట్లోంచి తీసేయించాను. ఇంటివాళ్ళందరికీ హైదరాబాద్‌లో పరీక్షలు చేయించాను. బియ్యం దగ్గర ఎక్కువ మసిలే అవ్వకే కొంచెం ఎక్కువ వచ్చింది, దూరంగా ఉంటే దిగిపోతుంది, భయపడాల్సిందేం లేదు అన్నాడు డాక్టరు. అవ్వ ఆ మాట విని, మరి చేపల సంగతేంది అని డాక్టరును అడిగింది. ఆయనకు ఏ చేపలో తెలియదు.

చేపల సంగతి నేనే తేల్చాలి. ఈ పరీక్షలన్నీ అయ్యేసరికి చలికాలం గడిచింది, మళ్ళీ చెరువు పట్టే రోజులు రాబోతున్నాయి. ఈ ఏడు కూడా చేప అమ్ముడుపోకపోతే మా వాడకట్టులో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. అన్న నాతో మాట్లాడక ఏడాది దగ్గర పడుతున్నది. తనంత తానే వచ్చాడు, కామారెడ్డిలో నా గదికి, మొదటిసారి. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"మిషిని ఖరాబయ్యిందని చెప్పు. చేప మంచిదని చెప్పు. ఇంటి ముచ్చట తియ్యకు. అవ్వ ఎల్లారెడ్డిల కూసుండి చేపలమ్మాలె."

ఎంత చిన్న కోరిక అది. మిషన్ కేసు పెట్టదు, ఏడవదు, రోడ్డు మీద కూర్చుని చేపలు అమ్మదు. నేను కుదరదన్నాను. ఆ బిళ్ళలు ఇంకెన్ని ఇళ్ళలో ఉన్నాయో తెలియదు, చెప్పకపోతే వాళ్ళు తింటూనే ఉంటారు అన్నాను. అది నిజం. పెద్దవ్వ ఇంకో రెండిళ్ళకు కూడా ఇచ్చిందని తర్వాత తెలిసింది. కానీ నిజం చెప్పాలన్న పట్టుదల అందులో సగమే. మిగతా సగం ఏమిటో నాకు తెలుసు. పదేళ్ళు వాళ్ళు నన్ను చూసి నవ్వారు. తప్పు నాది ఒక్కదానిదే కాదు, ఆ ఇంటిది కూడా అని నలుగురికీ తెలియాలి. మిషన్ మీదికి నెట్టేస్తే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. అది నేను భరించలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున ఎల్లారెడ్డిలో చేపలమ్మే చోటికి పోయాను. ఫోన్లో తీసుకునేవాళ్ళను తీసుకోమన్నాను, ఈసారి నేనే. చెరువు చేప మంచిది, పరీక్ష కాగితం ఇదిగో, పోయినేడు నేను చెప్పింది తప్పు అన్నాను. తప్పు ఎలా జరిగిందో కూడా చెప్పాను. బియ్యంలో వేసే బూడిద రంగు బిళ్ళలు పాదరసం, మా ఇంటి బియ్యం డ్రమ్ములోనే ఉన్నాయి, మా అవ్వ వేసింది, నేను కవర్లు అందులో పెట్టాను, ఎవరింట్లో ఉన్నా తీసేయండి, నాకు ఫోను చేయండి అన్నాను. అన్నీ సరైన మాటలే. అవ్వ టబ్బు వెనక కూర్చుని ఉంది. నేను మాట్లాడుతున్నంతసేపూ కత్తిపీటకు అంటిన పొలుసులను వేలితో గీకింది. ఒకాయన, అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే, ఏది నమ్మాలె అన్నాడు. నవ్వారు. కానీ కాగితం నలుగురు చేతులు మారింది.

నమ్మారు. నెమ్మదిగానైనా నమ్మారు. చెరువు పట్టినప్పుడు కామారెడ్డి బండి పొలిమేర దాటి గట్టు దాకా వచ్చింది. మేస్త్రీ పనులకు పోయినవాళ్ళు తిరిగొచ్చి వలలు దింపారు. సంఘం పెద్దగా అన్న లేడు. పూచీ పడ్డవాడు కదా, పోయినేడే ఎవరూ అడగకముందే తప్పుకున్నాడు. చేప బాగా అమ్ముడుపోతున్నదని విని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఒక ఆదివారం ఎల్లారెడ్డిలో దిగాను, నా కళ్ళతో చూసుకుందామని.

మా వాడకట్టు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వరసగా కూర్చుని ఉన్నారు. ప్రతి టబ్బు ముందూ మనుషులున్నారు, కత్తిపీటలు ఆడుతున్నాయి. చివరన అవ్వ. ఆమె టబ్బు నిండుగానే ఉంది. జనం ఆమె దాకా వచ్చి, మొహం చూసి, పక్కకు తిరుగుతున్నారు. అదే చెరువు, అదే వల, అదే పొద్దు పట్టిన చేప. చేప మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ ఇంటి చేయి తాకిన చేప మీద ఉంది. నేను రోడ్డు అవతల ఆగిపోయాను. వెళ్ళి అందరినీ కడిగేయాలనిపించింది. విషం చేతులకు అంటుకుని చేపలకు పాకదు, పరీక్షలో తేలింది, మీకేమైనా బుద్ధి ఉందా అని అరవాలనిపించింది. అరిస్తే ఇంకో ఫోను పైకి లేస్తుంది. నేను చెప్పే ప్రతి మాటా ఆ ఇంటి పేరును ఇంకో ఊరికి మోస్తుంది.

రోడ్డు దాటాను. అప్పుడే ఒక చిన్నామె, ఈ సంగతులేవీ తెలియని మనిషిలా ఉంది, అవ్వ ముందు ఆగింది. ఇంట్లో బాలింత ఉందట, కొర్రమట్ట కావాలంది. అవ్వ టబ్బులో రెండు మంచివి ఉన్నాయి, ఇంకా కదులుతున్నాయి. అవ్వ ఒకదాన్ని చేత్తో ఎత్తింది. ఎత్తి, నన్ను చూసింది. మళ్ళీ నీళ్ళలో వదిలేసింది.

"నీకు తెల్వదేమో బిడ్డా, గోళీల ఇల్లు మాదే. బాలింతకంటున్నవ్, గా పక్కామె తాన తీస్కో."

ఆమె తడబడి, సరే అవ్వా అని పక్క టబ్బు ముందుకు జరిగింది. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, నన్ను దెప్పే ఉద్దేశం కూడా లేదు. బడిలో పాఠం అప్పజెప్పిన పిల్లలా నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పిందే చెప్పిన. తప్పేం లేదు గద బిడ్డా?"

లేదన్నాను.